రాహుల్ అటువైపు నిలబడ్డ రాత్రి

మీరు డిండోలిలో ఒక ఇరుకు సందులోకి తిరుగుతున్నారు. 2019 జూలై 21, ఆదివారం, రాత్రి ఎనిమిది దాటింది. ఆషాఢపు తడి ఇంకా ఆరలేదు. నీళ్లు నిలిచిన చోట ఎవరో ఇటుకలు వేశారు, వాటి మీద ఒక్కో అడుగూ చూసుకుని వేస్తున్నారు. ఉధ్నా వైపు నుంచి రైలు కూత. ఒక ఇంట్లో ఖాందేశ్ మరాఠీ, పక్కింట్లో గంజాం ఒడియా, ఆ పై ఇంట్లో సిరిసిల్ల తెలుగు. సూరత్ సాంచాలు, అంటే మరమగ్గాలు, వీళ్లందరినీ ఒకే సందులోకి తెచ్చి పడేశాయి. మీరు వెళ్లాల్సింది మూడో ఇంటికి. గడప బయట పదిహేను జతల చెప్పులున్నాయి, కాబట్టి ఇల్లు తప్పే పని లేదు.

లోపల ఒకే గది. గోడకు టీవీ, టీవీ కింద మార్కండేయుడి పటం. నేల మీద చాప, చాప మీద మనుషులు. ఇంటి పెద్దాయనను అందరూ మామ అనే పిలుస్తారు, వరస కలిసినా కలవకపోయినా. ముప్పై ఏళ్లుగా సాంచాల మోతలో ఉన్న మనిషి కనుక మామూలు మాట కూడా అరిచినట్టే మాట్లాడతాడు. అత్త సర్వపిండి ముక్కలు పళ్లెంలో పెట్టి మీ ముందుకు తోస్తుంది. "తిను బిడ్డా, ఆట షురువైనంక ఎవడూ నీ మొఖం సూడడు" అంటుంది. నిజమే. మీరు వచ్చిన సంగతి మామ ఇంకా గమనించనే లేదు.

టీవీలో హైదరాబాద్, గచ్చిబౌలి ఇండోర్ స్టేడియం. ప్రొ కబడ్డీ ఏడో సీజన్, రెండో రోజు. మొదటి ఆట ఇప్పుడే అయిపోయింది. కిందటి సీజన్లో కప్పు కొట్టిన బెంగళూరు బుల్స్‌ను గుజరాత్ 42-24తో చితక్కొట్టింది. సందులో ఎవరో రెండు టపాసులు కూడా కాల్చారు. మామ పెద్దగా పట్టించుకోలేదు. ఉంటున్నది గుజరాత్‌లోనే, అన్నం పెడుతున్నదీ గుజరాతే. కబడ్డీ వరకు మాత్రం ఈ గది తెలంగాణలోనే ఉంది. మధ్యలో ఎవరో వార్తల ఛానల్ పెడితే శ్రీహరికోటలో చంద్రయాన్-2 కౌంట్‌డౌన్ సాయంత్రమే మొదలైందని చెబుతున్నారు. ఇంకో ఛానల్లో లష్కర్ బోనాలు. "ఏయ్, రిమోట్ ఇటియ్యి" అని మామ గద్దించాడు. మళ్లీ గచ్చిబౌలి.

రెండో ఆట తెలుగు టైటన్స్‌కూ తమిళ్ తలైవాస్‌కూ. కెమెరా తలైవాస్ ఆటగాళ్ల వరస మీదుగా మెల్లగా జరుగుతోంది. అజయ్ ఠాకూర్, మంజీత్ ఛిల్లర్... ఇంకో ముఖం దగ్గరికి వచ్చేసరికి గదిలో నోళ్లు మూతపడ్డాయి.

రాహుల్ చౌదరి.

ఆ గదికి ఆ మనిషి ఎవరో తెలియకపోతే ఆ నిశ్శబ్దం అర్థం కాదు. ఉత్తరప్రదేశ్‌లోని బిజ్నోర్ కుర్రాడు. 2014లో లీగ్ పుట్టినప్పటి నుంచి ఆరు సీజన్లూ తెలుగు టైటన్స్ తరఫునే ఆడాడు. 2015 సెమీఫైనల్లో బెంగళూరు చేతిలో ఒక్కటంటే ఒక్క పాయింటు తేడాతో ఓడిన రోజు ఈ గదిలో ఎవరూ అన్నం తినలేదని అత్త ఇప్పటికీ చెబుతుంది. 2018 వేలంలో వేరే జట్టు రాహుల్ కోసం పాట పెంచుకుంటూ పోతే, ఆఖరి ధరకు తామే తీసుకునే కార్డు వాడి మరీ 1 కోటి 29 లక్షలకు టైటన్స్ వెనక్కి తెచ్చుకుంది. ఏడాది తిరిగిందో లేదో, 2019 ఏప్రిల్‌లో ముంబైలో జరిగిన వేలానికి అదే జట్టు ఆయన్ను వదిలేసింది. తలైవాస్ 94 లక్షలకు పట్టుకుపోయింది. టైటన్స్ ఆ వేలంలోనే 1 కోటి 45 లక్షలు పోసి సిద్ధార్థ్ దేశాయ్‌ని కొంది. ఆ ఏడు వేలంలో అంతకు మించిన ధర ఎవరికీ పలకలేదు. అప్పటి లెక్క ప్రకారం ఒక జట్టు మొత్తం ఖర్చు పెట్టుకోగలిగింది 4 కోట్ల 40 లక్షలు. అందులో మూడో వంతు ఒక్కడి మీద పెట్టారన్నమాట.

గుమ్మం దగ్గర నిలబడ్డ ఖాందేశ్ పక్కింటాయన నవ్వుతున్నాడు. సిద్ధార్థ్‌ది కొల్హాపూర్ జిల్లా. "టీమ్ ఆప్‌కా, ఆద్మీ హమారా" అన్నాడు. మామ ఆయన వైపు తల కూడా తిప్పలేదు.

ఈలోగా మామ మేనల్లుడు సంచీలోంచి ఖాళీ కండెలు తీసి చాప మీద పేరుస్తున్నాడు. అతను రెండేళ్ల కింద సిరిసిల్ల నుంచి వచ్చాడు. ఊళ్లో ఉన్నప్పుడు మండల స్థాయిలో చెడుగుడు ఆడినవాడు. ఏడు కండెలు వంపుగా నిలబెట్టాడు. "ఇగ సూడుండ్రి," అన్నాడు. మీరు ముందుకు వంగారు, మీ పక్కన కూర్చున్న తొమ్మిదో తరగతి పోరడూ వంగాడు.

"ఈ కొసకొకటి, ఆ కొసకొకటి. కార్నర్లు. నడుమ కవర్లు. రైడర్ వచ్చినప్పుడు పట్టాలంటే కార్నర్ కాలు పడతడు, కవర్ మీద పడతడు. గంతే కథ. రాహుల్ వస్తే ఏమైతుంది?"

తన చూపుడు వేలు రైడర్. వేలును వంపు ముందు అటూ ఇటూ నడిపించి, వెనక్కి తిరుగుతున్నట్టే తిప్పి, చటుక్కున కొస కండెను తాకించాడు. కండె పడిపోయింది. "తిరిగి పోతుండనుకుంటరు. అప్పుడే చెయ్యి తగుల్తది. గందుకని రాహుల్ వస్తే కార్నర్లు అడుగు ఎనకకే ఉంటరు." రెండు కొస కండెలనూ వెనక్కి జరిపాడు. వంపు వెడల్పయింది. "ఇప్పుడు సూడు, నడుమ జాగా ఎంతున్నదో. రాహుల్ వచ్చి పోయినంక గూడ వాళ్ల కాళ్లు భయంతోని గాడనే ఉంటయ్. తర్వాత కూతకు పోయే రెండో రైడర్‌కు బోనస్ గీత దాక దారి సాఫ్."

మీరు ఆ కండెల వంపు చూస్తుంటే అసలు సంగతి బోధపడుతోంది. పెద్ద రైడర్ తెచ్చే పాయింట్లు స్కోరుబోర్డు మీద కనిపిస్తాయి. అతని భయంతో ఎదుటివాళ్లు జరిగిన అడుగులు ఏ పట్టికలోనూ ఉండవు. అతను వెళ్లిపోతే ఆ అడుగులు కూడా అతనితోనే పోతాయి. రెండో రైడర్ అదే మనిషి, అంతే వేగం, అంతే బలం. అయినా కిందటేడు తేలిగ్గా దొరికిన బోనస్ ఇవాళ దొరకదు. జనం "వీడికేమైంది" అని అతన్నే తిడతారు.

"మరి సిద్ధార్థ్?" అన్నాడు పోరడు. కొత్త హీరో వాడికి నచ్చాడు. లీగ్‌లో సిద్ధార్థ్‌కున్న బిరుదే బాహుబలి. తెలుగు జట్టుకు ఇంతకన్నా అతికే పేరు ఎక్కడ దొరుకుతుంది? కిందటి సీజన్లో యు ముంబా తరఫున తొలిసారి లీగ్ ఆడుతూనే 218 రైడ్ పాయింట్లు తెచ్చాడు.

మేనల్లుడు కండెలన్నీ దగ్గరకు జరిపాడు. "గాయన వేరే తీరు. రాహుల్‌ను పట్టుకోకముందే పాయింట్ అయిపోతది. సిద్ధార్థ్‌ను పట్టుకున్నంక అసలు ఆట మొదలైతది. ఇద్దరు పట్టుకున్నా లాక్కొని గీత దాక వస్తడు. భుజం గసొంటిది. గని గిందులో ఒక తిరకాసున్నది. పట్టుకోనిస్తడు గద, ముగ్గురు సరిగ్గ పట్టిండ్రంటే ఔట్. బయట కూసుంటడు. ఎవలన్న పాయింట్ తెస్తెనే మళ్ల లోపటికి. గా తెచ్చేటోడు ఎవడు?"

ఎవరూ జవాబు చెప్పలేదు. ఆట మొదలవుతోంది.

ఇక్కడ కాస్త లెక్క వేసుకోండి, టీవీ మీద కన్ను ఉంచే. ఒక కూతకు 30 సెకన్లు, ఆట 40 నిమిషాలు. జట్టుకు ఇంచుమించు నలభై కూతలు. ఒకే రైడర్ మీద ఆధారపడ్డ జట్టులో అందులో సగానికి దగ్గరగా అతనే వెళ్తాడు. అతన్ని ఔట్ చేసి బయట కూర్చోబెడితే ఎదుటి జట్టుకు తొందరేముంటుంది? ఉత్త కూతలతో సమయం తినేస్తుంది. రెండు కూతలు ఖాళీగా వస్తే మూడోది డు ఆర్ డై, పాయింటు తేవాలి లేదా ఔటవ్వాలి. పెద్ద రైడర్ బయట ఉన్నప్పుడు ఆ మూడో కూతకు వెళ్లేది రెండో రైడరో, మూడో రైడరో. ఒక జట్టు దాడి ఎంత లోతుదో తెలిసేది అక్కడే. నన్నడిగితే కబడ్డీ చూసేవాడు కన్నేయాల్సింది హీరో కూత మీద కాదు, హీరో బెంచీ మీద ఉన్న ఆ రెండు మూడు నిమిషాల మీద.

గచ్చిబౌలిలో రాహుల్ కూతకు వెళ్తున్నాడు. అదే మ్యాట్, అదే నడక. తొడ కొట్టే తీరు కూడా మీకు తెలిసిందే. ఎదురుగా ఉన్నది మాత్రం టైటన్స్. టీవీలోంచి హోరు లేచింది. అది ఎవరి కోసమో డిండోలి నుంచి తేల్చడం కష్టం. గదిలో కూడా అంతే. రాహుల్ చెయ్యి తగిలి టైటన్స్ ఆటగాడు బయటికి నడుస్తుంటే, పోరడు తల పట్టుకున్నాడు. మామ గొంతులోంచి మాత్రం తనకు తెలియకుండానే "శెబాష్" అని వచ్చేసింది. అందరూ ఆయన వైపు తిరిగారు. "ఏంది సూస్తున్నరు? ఆటను మెచ్చుకున్న" అని సర్దుకున్నాడు.

టైటన్స్‌లో ఈసారి చాలా మార్పులు. కోచ్ ఇరాన్ నుంచి వచ్చిన గులామ్‌రెజా మజందరానీ. కెప్టెన్ కూడా ఇరానీయుడే, డిఫెండర్ అబోజర్. సిద్ధార్థ్ అన్న సూరజ్ దేశాయ్‌నీ తీసుకున్నారు. ఎడమ కార్నర్‌లో విశాల్ భరద్వాజ్ ఉన్నాడు. పట్టేవాళ్లకు కొదవ లేదు. కూతకెళ్లేవాళ్ల మధ్య పని ఎలా పంచుకోవాలో ఇంకా కుదరలేదు. సిద్ధార్థ్ లోపలుంటే ఒక ఆట, అతను బయటికి వస్తే మరో ఆట. అతను బెంచీ మీద ఉన్నంతసేపూ మేనల్లుడు టీవీ చూడటం మానేసి కండెల వైపే చూస్తున్నాడు. అవతల తలైవాస్‌కు ఆ ఇబ్బంది లేదు. రాహుల్‌ను పడితే అజయ్ ఉన్నాడు, అజయ్‌ను పడితే రాహుల్ ఉన్నాడు. వెనక మంజీత్ లాంటి పాత కాపు.

విరామానికే తలైవాస్ బాగా ముందుంది. అత్త లైటు వేసి టీ పోసింది. బయట వాన మళ్లీ అందుకుంది. గంజాం ఆయన ఒక్కడే హాయిగా ఉన్నాడు. ఏ జట్టూ తనది కాదు కనుక, సర్వపిండి తింటూ ఆట చూస్తున్నాడు. రేపు పొద్దున ఏడుకు షిఫ్టు ఎక్కాలని ఒకరిద్దరు లేచారు, గుమ్మం దాకా వెళ్లి మళ్లీ అక్కడే నిలబడిపోయారు.

చివరి విజిల్. తలైవాస్ 39, టైటన్స్ 26. రాహుల్ చౌదరి 12 పాయింట్లు.

"అమ్ముకున్నోళ్లకు బుద్ధి ఉండాలె" అని మామ అరిచాడు. గదిలో చాలామంది తలలూపారు. ఆ రాత్రికి ఆ తీర్పు న్యాయంగానే కనిపిస్తుంది. మేనల్లుడు మాత్రం ఒప్పుకోలేదు. అతను ముందు రాత్రి సంగతి ఎత్తాడు. ఆ ముందు రాత్రి మీరు ఇక్కడ లేరు కాబట్టి చెప్పాలి.

జూలై 20న, సీజన్ తొలి ఆటలో ఇదే గచ్చిబౌలిలో టైటన్స్ ఓడింది. గెలిచింది యు ముంబా, 31-25తో. అంటే సిద్ధార్థ్ దేశాయ్ వదిలి వచ్చిన జట్టు. వరుసగా రెండు రాత్రులు. మొదటి రాత్రి కొత్త హీరో తన పాత జట్టు చేతిలో ఓడాడు, రెండో రాత్రి పాత హీరో తన పాత జట్టును ఓడించాడు. మేనల్లుడికి కావలసింది మొదటి రాత్రే. "ముంబావోళ్లు గూడ హీరోను పోగొట్టుకున్నరు గద. మరి ఆళ్లెందుకు గెలిశిండ్రు?"

మంచి ప్రశ్న. ముంబా సిద్ధార్థ్ స్థానంలో మరో సిద్ధార్థ్‌ను వెతుక్కోలేదు. ఫజల్ అత్రాచలీ నాయకత్వంలో పట్టునే ఆటకు ఇరుసు చేసుకుంది. అభిషేక్ సింగ్, అర్జున్ దేశ్వాల్ లాంటి కుర్రాళ్లకు కూతలు పంచింది. ముందు రాత్రి సూపర్ 10, అంటే ఒకే ఆటలో పది రైడ్ పాయింట్లు, కొట్టింది ఆ అభిషేకే. దూకుడు తగ్గింది. స్కోర్లు తక్కువగా ఉన్నా, ఎదుటివాళ్లవి ఇంకా తక్కువగా ఉండేలా చూసుకుంది. చూసేవాళ్లకు అంత సరదా లేని ఆట. ఆ ఆటతోనే ఆ సీజన్లో సెమీఫైనల్ దాకా వెళ్లి బెంగాల్ వారియర్స్ చేతిలో రెండు పాయింట్ల తేడాతో ఓడింది. కిందటేడు 218 పాయింట్లు తెచ్చిన మనిషి లేకుండా.

గదిలో వాదన సాగుతుండగా ఒక్క క్షణం డిండోలి దాటి బయటికి రండి. మూడేళ్లు ముందుకు. అమెరికాలో ఫుట్‌బాల్ అని పిలిచే, బంతిని ఎక్కువగా చేత్తో విసిరే ఆటలో రిసీవర్ అని ఒకడుంటాడు. క్వార్టర్‌బ్యాక్ విసిరిన బంతిని పరుగెత్తి అందుకోవడం అతని పని. కాన్సాస్ సిటీ చీఫ్స్ జట్టులో టైరీక్ హిల్ అలాంటివాడు. అతని వేగానికి భయపడి ఎదుటి జట్లు ఇద్దరేసి రక్షకులను మైదానం లోతుల్లో కాపలా పెట్టేవి. 2022 మార్చిలో చీఫ్స్ అతన్ని మయామీ డాల్ఫిన్స్‌కు ఇచ్చేసింది. బదులుగా కొత్త కుర్రాళ్లను ఎంచుకునే ఐదు హక్కులు పుచ్చుకుంది. క్వార్టర్‌బ్యాక్ ప్యాట్రిక్ మహోమ్స్ ఇక అలవాటైన పొడుగు విసుర్ల మీద ఆధారపడలేదు. దగ్గర దగ్గర విసుర్లు, ఒకరికి కాదు పదిమందికి. ఎక్కువ బంతులు ట్రావిస్ కెల్సీ చేతికి, ఆ సీజన్లో 110. మహోమ్స్ ఆ ఏడు 5,250 గజాలు విసిరాడు. 2023 ఫిబ్రవరిలో ఫిలడెల్ఫియా ఈగల్స్‌ను 38-35తో ఓడించి చీఫ్స్ సూపర్ బౌల్ ఎత్తింది. హిల్ కూడా ఏమీ నష్టపోలేదు. మయామీలో మొదటి సీజన్లోనే 1,710 గజాలు.

తేడా ఎక్కడుంది? చీఫ్స్‌కు బదులుగా ఐదు హక్కులు దొరికాయి. కబడ్డీ వేలంలో ఆటగాణ్ని వదిలేస్తే చేతికి వచ్చేది సంచీలో మిగిలే డబ్బు మాత్రమే. దాన్ని ఎలా ఖర్చు పెట్టారన్నదే జట్టు దాడి తీరును నిర్ణయిస్తుంది. టైటన్స్ ఒక పెద్ద పేరును తీసి అదే చోట మరో పెద్ద పేరు పెట్టింది, ఇంకాస్త ఎక్కువ ధరకు. ఆట కదలిక మారింది, చెయ్యి బదులు భుజం వచ్చింది. ఒకడి మీద వేలాడటం మాత్రం అలాగే ఉండిపోయింది.

ఇక తర్వాతి సంగతులు తొందరగా చెబుతాను. సిద్ధార్థ్ తన ధరకు తగ్గట్టే ఆడాడు, ఆ సీజన్లో 217 రైడ్ పాయింట్లు. పన్నెండు జట్లలో టైటన్స్ స్థానం మాత్రం పదకొండు. రాహుల్ వెళ్లిన తలైవాస్ పన్నెండు. "అమ్ముకున్నోళ్లకు బుద్ధి" అన్న మామ తీర్పు మూడు నెలల్లో చెల్లకుండా పోయింది. కొన్నవాళ్లకూ ఒరిగిందేమీ లేదు. తర్వాతి వేలంలో సిద్ధార్థ్‌ను 1 కోటి 30 లక్షలకు అట్టే పెట్టుకుంటే, సీజన్ మొదట్లోనే గాయమై కూర్చున్నాడు. ఆ సీజన్ మొత్తంలో టైటన్స్ గెలిచింది ఒక్క ఆట. ఆ తర్వాతి సీజన్లో రెండు. 2023లో మళ్లీ అదే మందు, ఇంకా పెద్ద మోతాదులో. పవన్ సెహ్రావత్‌ను లీగ్ అప్పటిదాకా చూడని ధరకు, 2 కోట్ల 60 లక్షల 50 వేలకు తెచ్చారు. 22 ఆటల్లో గెలిచింది రెండు. వరుసగా మూడు సీజన్లు అట్టడుగు. పవన్ గొప్ప రైడర్ కాడని ఎవరూ అనలేరు. అతను బయట కూర్చున్నప్పుడు లోపల ఎవరున్నారన్నదే ప్రశ్న.

2025లో టైటన్స్ పవన్‌ను వదిలేసింది. అతను తలైవాస్‌కు వెళ్లాడు, ఆరేళ్ల కింద రాహుల్ వెళ్లిన చోటికే. ఆగస్టు 29న విశాఖపట్నంలో సీజన్ తొలి ఆటలో తలైవాస్ 38-35తో టైటన్స్‌ను ఓడించింది. చరిత్ర మళ్లీ మొదలైందని అంతా అనుకున్నారు. ఈసారి టైటన్స్ కూతలను పంచుకుంది. కెప్టెన్ విజయ్ మాలిక్ కూతకు వెళ్లాడు, భరత్ హూడా వెళ్లాడు, అవసరమైనప్పుడు పట్టుకూ దిగారు. ఒకణ్ని బయట కూర్చోబెడితే ఆట ఆగిపోలేదు. ఆ జట్టు రెండో క్వాలిఫయర్ దాకా వచ్చి పుణేరి పల్టన్ చేతిలో ఓడింది. కప్పు రాలేదు. అయినా టైటన్స్ ఫైనల్‌కు ఒక్క గెలుపు దూరం దాకా రావడం తొమ్మిదేళ్ల తర్వాత అదే.

మీరు మాత్రం ఇంకా 2019 జూలై రాత్రిలోనే ఉన్నారు. గదిలో వాదన తేలలేదు. మామ దృష్టిలో రాహుల్‌ను వదలడమే పాపం, పోరడికి సిద్ధార్థ్ ఇంకా బాహుబలే, పక్కింటాయన ఓడిన జట్టులో తన రాష్ట్రం మనిషిని చూసుకుని తృప్తిగా ఇంటికి వెళ్లాడు. కండెలు పేర్చిన మేనల్లుడి మాట ఎవరూ పూర్తిగా వినలేదు. నాకు ఆ గదిలో సరైన ప్రశ్న అడిగింది అతనొక్కడే అనిపిస్తుంది.

కాబట్టి వచ్చే వేలం టీవీలో చూసేటప్పుడు కోట్లు పలికిన మొదటి పేరు దగ్గరే ఆగిపోకండి. సాయంత్రం దాకా కూర్చుని, మీ జట్టు తన మూడో రైడర్‌గా ఎవర్ని తీసుకుంది, ఎంతకు తీసుకుంది, అది చూడండి.